పడమటి గోడల మైసమ్మ

అనసూర్య ఇంటి కడపకు అడ్డంగ కూసున్నది. వీపు ఒక దిక్కు చౌకట్‌కు, అరికాళ్ళు ఇంకో దిక్కుకు. లోపట పొయ్యి మీద గంజి పొంగి నిప్పులల్ల కారుతున్నా లేస్తలేదు.

"జరుగు," అన్నడు రాజం. "ఆరు దాటింది. ఏడుకు పేలుడుమందు నింపుడు షురూ చెయ్యాలె."

"బాపు చెప్పింది తేల్చి పో."

"మీ బాపు చెప్పింది నిజమేనని ఈ లైన్ల ఒక్క మనిషిని అనమను. డ్యూటీ బంద్ పెట్టి ఇంట్లనే కూసుంట."

ఆ మాట వాకిట్ల నులకమంచం మీదున్న గట్టయ్యకు సక్కగ ఇనవడ్డది. వేరే రోజైతే అల్లుని మాటకు ఎదురు ఒకటి ఇసిరేటోడు, పక్కిండ్లోళ్ళు గూడ నవ్వేటోళ్ళు. ఇయ్యాల ఆరిపోయిన బీడి కొసను చూసుకుంట ఊకున్నడు. ముసలోడు గట్ల ఊకునుడే రాజంకు మనసుల పడతలేదు.

పది గంటలకు లాల్‌చంద్ సేటు కోక్ బట్టీల పొగగొట్టాన్ని పేల్చాలె. పేల్చేటోడు రాజం. సేటు రాళ్ళ క్వారీల మందు వెట్టే పని ఆయనదే. వారం రోజులు కష్టపడి తూర్పు దిక్కు గోడకు ఇరవైనాలుగు బొక్కలు కొట్టిండు. తూర్పు గోడ ఎగిరిపోతే, పడమటి గోడ మీద ఆనుకొని గొట్టం తూర్పుకే ఒంగుతది, ఖాళీ జాగల పడుతది. చెట్టును నరికినట్టే. పడమటి గోడ గట్టిగుంటేనే ఆ లెక్క, లేకుంటె గొట్టం పడమటికే కూలుతది.

పడమటికి యాభై గజాల దూరంల గుడిసెల లైను. అండ్ల నాలుగో ఇల్లు వీళ్ళదే.

ఆ గొట్టాన్ని కట్టిన పెద్దమేస్త్రి గట్టయ్య. అక్కను చూడవోయి పది దినాలు రామకృష్ణాపూర్‌ల ఉండి నిన్న పొద్దుమీకి దిగిండు. గొట్టాన్ని పైకెళ్ళి ఇటుక ఇటుక ఇప్పుతున్నరనే అనుకున్నడు. ఎవ్వలైనా అట్లనే అనుకుంటరు. మందువెట్టి పడగొడతరని అల్లుడు అనంగనే తినే కంచం పక్కకు జరిపి, "ఆ పడమటి గోడ లోపట బోలురా అల్లుడా," అన్నడు.

రాత్రి ఇంట్ల ఎవ్వలు నమ్మలే. నమ్మకపోవుడు వాళ్ళ తప్పు గాదు. ఒక ఎండకాలంల సేటు గొంగళ్ళు పంచుతుండని చెప్పి నడి మధ్యాన్నం నూటిరవై మందిని బంగ్లా ముందట లైనుకు నిలవెట్టినోడు గట్టయ్య. పెండ్లినాడు రాజం చెవుల నోరు వెట్టి, పిల్లకు ఒక కన్ను గాజుదని చెప్పి, తాళి కట్టేదాంక ఆ పిలగానికి చెమటలు వట్టించినోడు. అనసూర్యవి రెండూ మంచి కండ్లే. ఇప్పుడు ఆ రెండూ రాజం మీదనే ఉన్నయి. ఒకటన్న గాజుదైతే బాగుండు అనిపించింది ఆయనకు.

"సరే," అన్నడు. "మామా, లే. ఆ బోలేదో చూపియ్యి."

అనసూర్య కాళ్ళు దగ్గెరకు తీసుకున్నది.

దారి పొడుగున గట్టయ్య చెప్పుకుంటనే వచ్చిండు. కట్టేటప్పుడు ఇద్దరు కూలోళ్ళు కట్టె మంచె మీదికెళ్ళి పడి సచ్చిపోయిన్రు. మైసమ్మను నిలవెట్టనిదే ఎక్కమని మిగిలినోళ్ళు కింద కూసున్నరు. ఈ దిక్కు మైసమ్మ లేని బొగ్గుబాయి ఒక్కటి లేదు, దిగేటోడు ముందు మొక్కి దిగుతడు. అప్పటి పెద్దసేటు, ఇప్పటి సేటు నాయిన, ఇననే ఇనలే. రోడ్డు మీదికెళ్ళి చూస్తే గొట్టం తప్ప ఇంకేది కనవడొద్దన్నడు.

"కనవడకుంట పెట్టిన," అన్నడు గట్టయ్య. "సూపర్వైజరు తిని కునుకు తీసే యాల్ల, మూడు దినాలు చేసినం. ఆరిటుకల మందం గోడల ఒక మనిషి కూసునేంత గూడు వదిలి, పైన కమాను తిప్పి, అమ్మను కూసోవెట్టి, ముందట ఒక్కిటుక, ఎనక ఒక్కిటుక పేర్చి మూసినం. తెల్లారి, అమ్మ లోపట ఉన్నదన్న నా మాట మీదనే అందరు ఎక్కిన్రు. మల్ల ఒక్కడు పడలే."

"గంత పెద్ద గూడు ఎందుకే మామా? చిన్నది వెడితే అమ్మ వద్దన్నదా?"

గట్టయ్య తల గోక్కున్నడు. "అప్పుడు చేతులల్ల సత్తువుండె గదా. కమాను మంచిగ వచ్చింది, పెద్దగ తిప్పిన."

సేటుకు తగ్గ మేస్త్రే దొరికిండు.

గొట్టం కింద నిలవడితే మెడ నొప్పి లేస్తది. నూటఅరవై అడుగులు. బట్టీలకు తొంభై సాలని ఇంజనీరు చెప్పిండట. కొత్తగూడెం దిక్కు ఉన్న గొట్టాలల్ల పెద్దది ఎంతున్నదని పెద్దసేటు అడిగిండు. నూటముప్పై అన్నరు. అయితే నూటఅరవై అన్నడు. కిందికెళ్ళి పైదాంక తెల్లిటుకతోని తన పేరు ఇంగ్లీషుల రాపిచ్చిండు. కింది అక్షరాలు మనుషులు చదివిన్రు, పై అక్షరాలు గద్దలు చదువుకున్నయి. నలభై బట్టీలన్నడు, పన్నెండు లేసినయి. పన్నెండు బట్టీల పొగ ఆ గొట్టంల సగం ఎక్కి, దారి తప్పి, మల్ల కిందికి దిగి గుడిసెలల్ల సొచ్చేది. కట్టి పన్నెండేండ్లయింది, పెద్దసేటు పోయిండు, చిన్నసేటు వచ్చిండు. ఇంకో కొత్త కార్ఖాన పెడ్తనంటున్నడు. అది పెట్టాలంటే నాయిన పేరు కింద పడాలె, అదిగూడ నలుగురు సూడంగ పడాలె.

ఉత్తరం దిక్కు అప్పటికే షామియానా లేసింది. కట్టిననాడు లేసిందీ అక్కడనేనట.

పడమటి దిక్కు గోడను చూసిన గట్టయ్య ఆగిపోయిండు. గోడ మొదలంత బూడిదల మునిగున్నది. పన్నెండేండ్లు బట్టీల బూడిదంత అక్కడనే పోసిన్రు. మొల లోతు. వానలకు నాని ఎండకు ఎండి గచ్చు లెక్క అయింది. గూడు దాని కిందికి పోయింది.

"ఎక్కడ?"

"ఇక్కడ," అన్నడు గట్టయ్య. నాలుగు అడుగులేసి, "కాదు, ఇక్కడ," అన్నడు. మల్ల ఎనుకకు వచ్చిండు. అప్పుడు మెట్లు ఇటుండె, ఇప్పుడు లేవు. సున్నం గానుగ అటుండె, అదీ లేదు. ముసలోని చెయ్యి గోడ మీద తడుముతున్నది.

రాజం లోపట ఏదో దిగినట్టయింది. నిమ్మలమో, కోపమో ఆయనకే తెల్వలే. మొత్తం పడమటి మొదలు తవ్వాలంటే పది మందికి ఒక దినం. ఆ దినం చిన్నసేటు ఇయ్యడు. కొత్త కార్ఖానల ఫోర్మన్ నౌకరి, పక్కా ఇల్లు ఇస్తనని మాటిచ్చిండు గాయిన. ముసలోడు అబద్ధం ఆడుతున్నడంటే అన్నీ సక్కగుంటయి. అట్లనే కావాలని రాజం అనుకున్నడు. అనుకున్నందుకు సిగ్గు గూడ పడ్డడు.

"నీ ఎంబడి ఎవ్వలున్నరే అప్పుడు?"

గట్టయ్య గోడ మీదికెళ్ళి చెయ్యి తీసిండు.

"అంద్రెయ."

అంద్రెయ అప్పట్ల గట్టయ్య కింద రెండో మేస్త్రి. ఇప్పుడు సేటు స్టోరు ఆయన చేతుల ఉన్నది. దానికంటే పెద్దది, చర్చిల సంఘపెద్ద. మొన్నటి చలికాలం స్టోరుల మోసే మత్తయి, పిల్లకు జరం దిగుతలేదని దొంగతనంగ మైసమ్మ కాడ కోడిని కోసిండు. ఆ సంగతి చర్చిల లేసి నిలవడి చెప్పింది అంద్రెయనే. మత్తయి ఇంటిల్లిపాదిని ఆర్నెల్లు ప్రభువు బల్లకు, రొట్టె ద్రాక్షరసం పంచేకాడికి, రానియ్యొద్దని తీర్మానం చేపిచ్చింది ఆయననే. ఆ ఆర్నెల్లు ఇంకా నిండలే.

వాళ్ళు పోయేసరికి అంద్రెయ ఇస్త్రీ చేసిన తెల్లంగి గుండీలు వెట్టుకుంటున్నడు. భార్య యేసమ్మ అరుగు మీద చాటల బియ్యం ఏరుతున్నది. మంచినీళ్ళు ఇచ్చి మల్ల కూసున్నది.

రాజం ఉన్నదున్నట్టు చెప్పిండు. గూడు సంగతి, బూడిద సంగతి, పది గంటల సంగతి.

"ఉన్నదా కాకా? ఎక్కడున్నది?"

అంద్రెయ పై గుండి వెట్టుకున్నడు. ఇప్పిండు. మల్ల పెట్టుకున్నడు.

"నాకు యాదికి లేదు."

చాటల యేసమ్మ చెయ్యి ఆగింది.

"అరేయ్ అంద్రెయా," అన్నడు గట్టయ్య. ఆ గొంతుల పరాచకం లేదు. "రాయిని నీ భుజం మీద మోసినవు గదరా. నా నడుము పట్టుకున్నదని నువ్వే ఎత్తుకున్నవు."

"గట్టయ్యా, నీ మజాక్‌లకు ఊరంత అయిపోయింది. ఇగ నేను దొరికిన్నా?"

ఇంటెనుక కోడి ఒకటి గొణుక్కుంట తిరుగుతున్నది. యేసమ్మ మొగని మొఖం చూడలే, బియ్యం చూడలే. చాట అంచు మీద బొటనవేలు పెట్టి అట్లనే ఉన్నది. రాజం ఆ వేలును చూసిండు. ఒక మాట అడుగుదామనుకున్నడు. అడిగితే ఆమె చెప్తదని భయమైంది.

"పోదాం పా మామా," అన్నడు.

ఎనుకకు తిరిగినంక యేసమ్మ చాటను కింద పెట్టిన సప్పుడు ఇనవడ్డది. తర్వాత ఆ ఇంట్ల ఏమన్నరో తెల్వదు. మెల్లగ అన్నది ఆమె, గట్టిగ అన్నది ఆయన.

తొమ్మిదిన్నరకు మందు నింపుడు అయిపోయింది. ఇరవైనాలుగు బొక్కల తీగలు ఒక్క దగ్గెరకు తెచ్చి, రెండు పొడుగు తీగలను బ్యాటరీ కాడికి లాగిండు రాజం. బ్యాటరీ షామియానాకు కొంచెం ముందట, ఇసుక బస్తాల ఎనుక పెట్టిన్రు. వచ్చే పెద్దమనుషులకు పేల్చుడు మంచిగ కనవడాలెనని ఆ జాగ చిన్నసేటే చూపిచ్చిండు.

గుడిసెల లైనోళ్ళు షామియానా ఎనుక తాడు అవుతల గుంపు కట్టిన్రు. లైను ఖాళీ చెయ్యాలెనని ఎవ్వలు చెప్పలే. తూర్పుకు పడేదానికి పడమటోళ్ళకు ఏం పని. ముసలోళ్ళు, పిల్లల తల్లులు ఇండ్లల్లనే ఉన్నరు. బాలింత లింగవ్వ ఎట్లాగు బయటికి రాదు, ఇంకా పురిటి తానం కాలే. అనసూర్య తన ఇంటి ముందట నిలవడి ఉన్నది. ఇంత దూరం నుంచి గూడ రాజం ఆమె చీర రంగు గుర్తువట్టిండు.

సేటు కాడికి పోయి చెప్పిండు.

చిన్నసేటు చెడ్డ మనిషి గాదు. ఓపికగనే ఇన్నడు. ఎవ్వలు చెప్పిన్రని అడిగిండు. గట్టయ్య అనంగనే మొఖం ఇప్పారింది.

"ఆ చెవిటోడా?"

చిన్నసేటు మొదటిసారి వచ్చిననాడు గెస్ట్‌హౌస్ ఎటని గట్టయ్యను అడిగిండు. గట్టయ్య చెవిటి లెక్క నిలవడి, ముప్పై మంది కూలోళ్ళ ముందట ఆయనతోని పావుగంట ఒర్రిపిచ్చిండు. ఆ సంగతి సేటుకు ఇంకా నవ్వే తెప్పిస్తది. దాని మీద నవ్వుడు మానలే గాని, నమ్ముడు ఎప్పుడో మానిండు.

ఇంకెవ్వరన్న చెప్పిన్రా, మాట మీద నిలవడే పెద్దమనిషి, అని అడిగిండు.

అంద్రెయ పది అడుగుల దూరంల కుర్చీలు తుడిపిస్తున్నడు. రాజం ఆయన దిక్కు చూసిండు. సేటు గూడ చూసిండు. అంద్రెయ తుడిచిన కుర్చీనే మల్ల తుడిచిండు.

"ఎవ్వలు లేరు," అన్నడు రాజం. "కానీ సేటూ, ఒక్క దినం ఆగున్రి. లేకుంటె పైకెళ్ళి ఇప్పిద్దాం. రెండు నెలలల్ల అయిపోతది, ఎవ్వలకు ఫికరుండదు."

చిన్నసేటు ఆయన భుజం మీద చెయ్యేసిండు. ముక్కలు ముక్కలు తెలుగుల మెత్తగ చెప్పిండు.

"రెండు నెలలు ఇటుకలు దించితే చూడనీకి బొంబాయి నుంచి ఎవరొస్తరు రాజం? కార్లు పెద్దపల్లి దాటినయి. నువ్వు ఫోర్మన్‌వి. ఫోర్మన్ లెక్క ఉండు."

రాజం బ్యాటరీ కాడికి వచ్చి మోకాళ్ళ మీద కూసున్నడు. ఎర్రజెండా లేసింది. విజిల్ ఒకటి ఊదిన్రు. రెండోదానికి తీగలు బ్యాటరీకి కలపాలె, మూడోదానికి నొక్కాలె.

అప్పుడు గుంపుల నవ్వు పుట్టింది.

ముందు ఒక దిక్కు, తర్వాత అంతట. రాజం తలెత్తిండు. గొట్టం పడమటి దిక్కు, బూడిద దిబ్బ మీద గట్టయ్య ఉన్నడు. అంగి ఇప్పి తలకు చుట్టుకున్నడు. చేతుల పార. తవ్వుతున్నడు. అరవై దాటిన నడుము పారతోని పాటు ఒంగుతున్నది, లేస్తున్నది.

మైసమ్మ కట్నం అడుగుతున్నదేమో అని ఎవడో అన్నడు. ఇయ్యాల గొంగడికి బదులు ఏం పంచుతడో అని ఇంకోడు. ఫోటోలు తీసేటోడు గూడ ఒకటి తీసిండు. చిన్నసేటు నవ్వుకుంటనే గడియారం చూసుకొని, దిగిపోతడులే, రెండో విజిల్ ఊదున్రి అన్నడు.

విజిల్ మోగింది. గట్టయ్య తల గూడ ఎత్తలే.

రాజం చేతుల రెండు తీగల కొసలు ఉన్నయి. పెండ్లి పీటల మీద చెవుల గుసగుస పెట్టినప్పుడు ముసలోని మూతి కొనకు నవ్వు కారుతుండె. అది ఆయనకు ఇప్పటికీ యాదే. ఇప్పుడు ఇంత దూరంకెళ్ళి గూడ తెలుస్తున్నది, ఆ మూతిల నవ్వు లేదు.

రెండు తీగలను ఒకదానికొకటి మెలేసి ముడేసిండు. మందు వెట్టేటోళ్ళందరికి ఎరుకే. కొసలు గట్ల కలిపి ముడేస్తే ఇగ పేల్చేది లేదని.

"ఏం చేస్తున్నవ్?" అన్నడు చిన్నసేటు. నవ్వు పోయింది.

"మనిషి ఉన్నడు సేటూ. మనిషి ఉండంగ నేను నొక్క."

నువ్వు నొక్కకుంటె క్వారీల కొమురెల్లి ఉన్నడు, జీపు పంపి తెప్పిస్త అన్నడు సేటు. ఫోర్మన్ సంగతి ఇగ ఎత్తొద్దు అన్నడు. ఇంకా ఏమో అంటుండె గాని, గుంపుల నవ్వు ఉన్నపాటున తెగిపోయింది. ఇద్దరు అటు తిరిగిన్రు.

కుర్చీల నడిమిట్ల నుంచి అంద్రెయ పోతున్నడు. తాడు దాటిండు. ఎర్రజెండా దాటిండు. ఉరుకుతలేడు, ఎటూ చూస్తలేడు. బూడిద దిబ్బ ఎక్కి, తెల్లంగి చేతులు పైకి మడిచి, గట్టయ్య తవ్విన గుంతల ఒకసారి చూసిండు. గొట్టం మొదలు ఎంబడి ఆరు మూరలు కొలుసుకుంట ఎడమకు పోయిండు.

"అక్కడ కాదురా గట్టయ్యా," అన్నడు. "ఇక్కడ."

గంత పెద్ద గుంపుల ఆ మాట అందరికి ఇనవడ్డది. యేసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఆర్నెల్లు బల్లకు దూరమైన మత్తయి తాడును రెండు చేతులతోని పట్టుకొని నిలవడ్డడు.

ఇద్దరు ముసలోళ్ళు ఒకే పారను మార్చుకుంట తవ్విన్రు. లైన్ల నుంచి అనసూర్య తట్ట తీసుకొని వచ్చింది. ఆమె ఎనుక ఇంకో ఇద్దరు ఆడోళ్ళు వచ్చిన్రు. మొగోళ్ళు ఎవ్వలు తాడు దాటలే, అందరు సేటు కింద పనిచేసేటోళ్ళే. పావుగంటల గుంత నడుము లోతు దిగింది. గోడ మొదలు కనవడ్డది. అంద్రెయ పార మడిమెతోని ఒక ఇటుకను కొట్టిండు. ఇంకోటి కొట్టిండు. మూడోది లోపటికి పోయింది. అది పడిన సప్పుడు గోడ లోపటికెళ్ళి కొంచెం ఆలస్యంగ వచ్చింది.

రాజం పోయి వంగి చూసిండు. గోడల చెయ్యి పెట్టిండు. మోచేయి దాంక పోయింది, భుజం దాంక పోయింది. వేళ్ళకు ఏది తగులలే. చెయ్యి తీసి గొట్టం పైకి చూసిండు, ఆ తర్వాత లైను దిక్కు. లింగవ్వ ఇంటి తలుపుకు వేపమండలు కట్టి ఉన్నయి.

చిన్నసేటు బూట్లకు బూడిద అంటకుంట మెల్లగ ఎక్కి వచ్చిండు. తానూ వంగిండు. చాన సేపు చూసిండు. లేసి రోడ్డు దిక్కు తిరిగిండు. రోడ్డు మలుపు కాడ దుమ్ము లేస్తున్నది. కార్లు వస్తున్నయి.

"మూసెయ్యున్రి," అన్నడు. "రెండు తట్టల సిమెంటు, నాలుగు ఇటుకలు. పదకొండుకు పేల్చుదాం."

"అట్ల మూస్తే నిలవడదు సేటూ," అన్నడు గట్టయ్య.

సేటు ఆయనకు జవాబియ్యలే. అంద్రెయ దిక్కు తిరిగి, బొంబాయి సార్లు అడిగితే చెప్పాలె, ఇది ఎవ్వలెవ్వలు చూసిన్రని అడిగిండు. తర్వాత గొంతు పెంచి తాడు అవుతల గుంపును గూడ అదే అడిగిండు. "ఇక్కడ బోలున్నదని ఎవ్వలు చూసిన్రు? చూసినోళ్ళు ముందటికి రాండ్రి. పేర్లు రాసుకుంట."

పేరెక్కితే పని పోతదని అందరికి ఎరుకే. ఎవ్వని కండ్లు వాని కాళ్ళ మీద పడ్డయి.

అంద్రెయ తెల్లంగి ఇప్పుడు తెల్లగ లేదు. రెండు చేతులు బూడిద. ఆయన చూపు గుంపు మీద మెల్లగ తిరిగి తిరిగి, మత్తయి కాడ ఆగింది. అక్కడ్నే ఉండిపోయింది.

మత్తయి గూడ తల దించుకోలే. చాన దినాల తర్వాత ఆ ఇద్దరు ఒకలి కండ్లల్ల ఒకలు చూసుకున్నరు.

తాడును పైకెత్తి, దాని కిందికెళ్ళి మత్తయి ఒక్క అడుగు ఇవుతలికి వేసిండు. పేరు రాసుకొమ్మన్నట్టు సేటు దిక్కు చూసిండు.